డీబీటీ సంగతి తర్వాత, ముందు పొటాషియం చూపించుకోండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 23. రెండేళ్లుగా మనసు బాగోలేనప్పుడల్లా ఆగకుండా తినేయడం, వెంటనే వేళ్లు పెట్టుకుని వాంతి చేసుకోవడం అలవాటైంది. వారానికి నాలుగైదుసార్లు జరుగుతోంది. రాత్రిళ్లు విరేచనాల మాత్రలు కూడా వేసుకుంటాను. మూడు నెలలుగా వీడియోలు చూసి, భావోద్వేగాలను అదుపు చేసుకోవడం నేర్పే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ (డీబీటీ) సొంతంగా చేస్తున్నాను. తినాలనే తపన వచ్చినప్పుడు ఐస్ నీళ్లలో ముఖం ముంచితే తగ్గుతోంది. ఈమధ్య లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి, పిక్కలు పట్టేస్తున్నాయి. బరువు మామూలుగానే ఉంది. డీబీటీతో ఎన్ని వారాల్లో పూర్తిగా తగ్గుతుంది?
- ఒక పాఠకురాలు

జవాబు: డీబీటీ గురించి అంత వివరంగా రాసి, పిక్కల గురించి ఒక్క ముక్కతో సరిపెట్టారు. నాకు భయం వేసింది అక్కడే. వాంతులకు విరేచనాలు తోడైతే ఒంట్లో పొటాషియం పడిపోతుంది. రక్తపరీక్ష రిపోర్టులో అది 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. బాగా తగ్గితే గుండె లయ తప్పుతుంది. బరువు మామూలుగా ఉందని ధీమా పడకండి, బులీమియాలో (అతిగా తినేసి, బరువు పెరగకుండా వాంతులు, మాత్రల దారి పట్టే జబ్బు) చాలామందికి అలాగే ఉంటుంది. మీది అదేనని చూడకుండా తేల్చలేను గానీ, లక్షణాలు అటువైపే ఉన్నాయి.

ఇవాళో రేపో ఫిజీషియన్‌ను కలిసి సోడియం, పొటాషియం, మెగ్నీషియం, క్రియాటినిన్, ఈసీజీ చేయించుకోండి. మెగ్నీషియం తక్కువుంటే పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు. అలాగని పొటాషియం మాత్రలు మీరే కొని వేసుకోవద్దు, ఎక్కువైనా గుండెకే ముప్పు. గుండె దడ, స్పృహ తప్పడం, వాంతిలో రక్తం... వీటిలో ఏది కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఐస్ నీళ్లు డాక్టర్ సరేననేదాకా మానేయండి. ముఖం చల్లటి నీళ్లలో ముంచి ఊపిరి బిగబడితే గుండె వేగం ఒక్కసారిగా తగ్గుతుంది, మీ తపన చల్లారుతున్నది అందుకే. ఈటింగ్ డిజార్డర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే ఇది చేయాలని డీబీటీ శిక్షణ పుస్తకంలోనే హెచ్చరిక ఉంది. మీరు చూసిన వీడియోలో ఆ మాట చెప్పి ఉండరు.

ఇక విరేచనాల మాత్రలు. రోజూ చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతున్న విషయమిది. తిన్నదాంట్లోని శక్తి చాలావరకు చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తుంది. ఈ మాత్రలు పనిచేసేది ముఖ్యంగా పెద్దపేగు మీద. కాబట్టి పోయేది నీరు, లవణాలు. పొద్దున తూకంలో తగ్గినట్టు కనిపించేది ఆ నీరే. ఆపిన కొత్తలో ఒంట్లో నీరు చేరి కాళ్లు ఉబ్బొచ్చు, బరువు పెరగొచ్చు. అది చూసి బెదిరి మళ్లీ మాత్ర అందుకున్నవాళ్లను ఎంతమందిని చూశానో! అందుకే డాక్టర్ కనిపెట్టుకుని ఉండగా మానాలి. చదువుకున్నవారు, రెండేళ్లు ఎవరికీ చూపించకుండా ఎలా ఉన్నారమ్మా?

ఇప్పుడు మీ ప్రశ్న. డీబీటీని అమెరికా సైకాలజిస్ట్ మార్షా లినెహాన్ మొదట ఆత్మహత్యా ప్రయత్నాలు పదేపదే చేసేవారి కోసం రూపొందించారు. తర్వాత దాన్ని అతిగా తినే జబ్బులకు మలిచారు. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో, బింజ్ ఈటింగ్ ఉన్న మహిళలకు వారానికొకటి చొప్పున 20 గ్రూప్ సెషన్లు ఇచ్చారు. చివరికి 89 శాతం మంది అలా తినడం మానేశారు. ఆరు నెలల తర్వాత చూస్తే 56 శాతమే. అదీ చిన్న అధ్యయనం, పైగా వాళ్లకు వాంతుల సమస్య లేదు. కాబట్టి వారాల లెక్క నేను చెప్పలేను. బులీమియాకు సాధారణంగా ముందు చూసేది సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ), అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స. భావోద్వేగాలే తిండిని నడిపిస్తున్నప్పుడు డీబీటీ మంచి దారే.

కానీ సొంతంగా చేస్తే సగమే అందుతుంది. ఉదాహరణకు 'రాత్రి పదింటికి తినేశాను' అని డైరీలో రాస్తారు. థెరపిస్ట్ అక్కడినుంచి వెనక్కి లాగుతారు. తొమ్మిదింటికి ఎవరితో మాట్లాడారు? సాయంత్రం ఏ మాట గుచ్చుకుంది? మధ్యాహ్నం ఏం తిన్నారు? 'ఏమీ తినలేదు' అని అప్పుడు బయటపడుతుంది. రాత్రి పదింటి గొడవకు మొదలు మధ్యాహ్నం మానేసిన భోజనమని ఒంటరిగా పట్టుకోవడం కష్టం.

సైకియాట్రిస్ట్‌ను కూడా కలవండి, మందు అవసరమో కాదో వారే చూస్తారు. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకండి, పళ్లపై ఎనామెల్ అరిగిపోతుంది. నీళ్లతో పుక్కిలిస్తే చాలు.

రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి. విరేచనాల మాత్ర పేరేంటో, రాత్రికి ఎన్ని వేసుకుంటున్నారో కూడా రాయండి. ఈసారి ఆ లెక్క దాటేశారు.