ఇంగ్లండులోని డెర్బీలో ఉంటున్న మేనల్లుడికి, బొమ్మ సైనికులతో మొదలయ్యే స్నేహాల గురించి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు నాకు చెప్పలేదు గానీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నువ్వు కట్టుకున్న అమ్మాయి ఆసుపత్రి డ్యూటీకి వెళ్లగానే ఇంట్లో ఒక్కడివే కూర్చుంటున్నావట. ఇరుగుపొరుగుతో వానా ఎండా గురించి తప్ప మరో మాట లేదట. పదిహేడేళ్లు ఫిరంగి దళంలో గడిపి వచ్చినవాడికి ఈ నిశ్శబ్దం ఎంత బరువో నాకు తెలుసు. రిటైరై నాటింగ్‌హామ్‌లో మా అమ్మాయి ఇంటికి చేరిన కొత్తలో నేనూ మోశాను. అందుకే ఈ ఉత్తరం కాస్త ఓపికగా చదువు.

మన మాధవరంలో అయితే ఈ బాధ ఉండేది కాదు. మిలిటరీ మాధవరం అని ఊరికే అనరు కదా. పింఛను తీసుకుని ఇంటికొచ్చినవాడికి వీధిలో అడుగు పెట్టగానే మరో నలుగురు పింఛనుదారులు ఎదురవుతారు. సర్వీసు నుంచి బయటికొచ్చిన మనిషికి కరువయ్యేది యూనిఫారం కాదు, క్యాంటీను కాదు. పొద్దున లేస్తే పక్కన నలుగురు ఉండేవారు, ఆ నలుగురికీ కలిపి ఒకే పని ఉండేది. సైన్యంలో ఇంజనీరు పనులు చేసే మా సాపర్లకు వంతెన, మీకు గన్ను. ఆ పని మధ్యలో స్నేహం దానంతట అదే పుట్టేది, దాన్ని వెతుక్కుంటూ ఎవరూ వెళ్లలేదు. ఈ వయసులో, పరాయి దేశంలో, స్నేహితులు కావాలని బయలుదేరితే దొరకరు. చేతులకు ఒక పని ఉండాలి. అది నలుగురూ కలిసి చేసేదై ఉండాలి, వారం వారం ఉండాలి. నాకు ఆ పని మినియేచర్ వార్‌గేమింగ్‌లో దొరికింది. ఈ దేశంలో నా ఆప్తులందరూ ఆ బల్ల దగ్గర కలిసినవాళ్లే.

పిల్లల ఆట అని కొట్టిపారేయకు. అంగుళానికి కాస్త అటూ ఇటూగా ఎత్తుండే సైనికుల బొమ్మలకు మనమే రంగులు వేసుకుంటాం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద కొండలు, వాగులు, ఊళ్లు పేర్చి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి, ఒక నియమావళి ప్రకారం యుద్ధం నడుపుతాం. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంటు పటాల మీద ఇలాంటి ఆటను రూపొందిస్తే, అక్కడి జనరల్ స్టాఫ్ అధిపతి ముఫ్లింగ్ అది యుద్ధానికి శిక్షణేనని గుర్తించి సైన్యమంతటికీ సిఫారసు చేశాడు. 1913లో హెచ్.జి.వెల్స్ బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడుకునే పద్ధతిని పుస్తకంగా రాశాడు.

నాకు మాత్రం ఆ తర్వాత వచ్చిన మాజీ సైనికుల కథే ఇష్టం. డోనాల్డ్ ఫెదర్‌స్టోన్ రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకు దళంలో పనిచేసి, తర్వాత సౌతాంప్టన్‌లో ఫిజియోథెరపిస్టుగా స్థిరపడ్డాడు. 1962లో ఆయన రాసిన పుస్తకం, అదే ఏడాది మొదలుపెట్టిన చిన్న పత్రిక కలిసి, ఎక్కడెక్కడో ఒంటరిగా బొమ్మలు పేర్చుకునేవాళ్లను ఒకరికొకరిని పరిచయం చేశాయి. ఉత్తరాలతో మొదలైన పరిచయాలు బల్లల దాకా వచ్చాయి. కమాండోగా పోరాడి, సాండ్‌హర్స్ట్ సైనిక అకాడమీలో సైనిక చరిత్ర విభాగానికి అధిపతి అయిన బ్రిగేడియర్ పీటర్ యంగ్, మన దేశంలో బ్రిటిష్ కాలపు సైన్యంలో పనిచేసిన లెఫ్టినెంట్ కల్నల్ లాఫోర్డ్ కలిసి 1967లో ఈ ఆట మీద ఒక పుస్తకం రాశారు. నిజం యుద్ధం చూసి వచ్చినవాళ్లే ఈ ఆటను ఇంత ప్రేమగా పెంచారు.

నువ్వు ఉన్న చోటు కూడా మంచిది. నాటింగ్‌హామ్ చుట్టుపక్కల బొమ్మలు పోతపోసే సంస్థలు ఎన్ని ఉన్నాయంటే, ఈ ప్రాంతానికి సీసపు పట్టీ అని పేరు పడింది. గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయం ఇక్కడే, వార్లార్డ్ గేమ్స్ ఇక్కడే, పెర్రీ సోదరులూ ఇక్కడే. ఆ కవల శిల్పుల్లో ఒకరైన మైకేల్ పెర్రీ, ఫ్రాన్సులో ఒక చారిత్రక యుద్ధ ప్రదర్శనలో ఫిరంగి ప్రమాదంలో కుడిచేయి పోగొట్టుకుని, ఎడమచేత్తో బొమ్మలు చెక్కడం నేర్చుకున్నారు. వాళ్ల పెట్టె ఒకటి చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ సంగతి గుర్తు చేసుకో.

మొదటి రోజు క్లబ్బుకు ఉత్త చేతులతో వెళ్లు. ఏమీ కొనకు. ఇక్కడ చాలా క్లబ్బులు చర్చి హాల్లోనో, ఊరి కమ్యూనిటీ హాల్లోనో వారానికొక సాయంత్రం కలుస్తాయి. ఒక బల్ల పక్కన నిలబడి కాసేపు చూడు. చూస్తున్నవాణ్ణి వీళ్లు ఎక్కువసేపు నిలబడనివ్వరు. ఎవరో ఒకరు ఒక దళాన్ని నీ చేతిలో పెట్టి, ఎడమ పార్శ్వం నువ్వు చూసుకో అంటారు. కాదనకు. విరామంలో టీ కాచేవాళ్లకు సాయం చెయ్యి, చివర్లో బల్లలు మడతపెట్టేటప్పుడు ఒక కొస పట్టుకో. నా మొదటి స్నేహం ఆ బల్లలు మడతపెట్టే దగ్గరే మొదలైంది. ఆయన రాయల్ ఇంజనీర్స్‌లో పనిచేసిన మనిషి, నేను మద్రాస్ సాపర్లలో సుబేదారుగా దిగినవాణ్ణి. బరువు ఎత్తే పద్ధతి చూసే ఒకరినొకరం పోల్చుకున్నాం.

నాలుగు క్లబ్బులు తిరగకు. ఒకటి ఎంచుకుని, వాన కురిసినా మంచు కురిసినా అదే సాయంత్రం అక్కడ కనబడు. ఏడాది పొడవునా క్రమం తప్పకుండా వచ్చే మనిషిని, ఆట ఎలా ఆడినా, వాళ్లు తమవాడిగా లెక్కిస్తారు. ఒక వారం రాకపోతే ఫోను చేస్తారు. ఆ ఫోను వచ్చిన రోజు నువ్వు ఆ ఊరివాడివైనట్టే.

ఇంకో మాట గట్టిగా చెబుతాను. నువ్వు నిజం ఫిరంగి పేల్చినవాడివి. పదహారేళ్ల కుర్రాడు టేపు పరిచి, పాచిక వేసి, నీ పటాలాన్ని బల్ల మీద నుంచి తీసేస్తే, అసలు యుద్ధంలో ఇలా జరగదని అనాలనిపిస్తుంది. అనకు. వాళ్లు అడిగినప్పుడు చెప్పు, అడిగినంతే చెప్పు. ఆ నియమావళి ఆ కుర్రాడికి నీకంటే బాగా తెలుసు, వాడి దగ్గర నేర్చుకో. హవల్దారు హోదా తలుపు దగ్గర వదిలేసి లోపలికి వెళ్లినవాడికే లోపల చోటు దొరుకుతుంది. నియమం దగ్గర తగువు వస్తే ఎదుటివాడి మాటకు ఒప్పుకో. మరీ తేలకపోతే చెరో పాచిక వేసి తేల్చుకోవడం ఇక్కడి ఆచారం. ఓడినప్పుడు చెయ్యి కలిపి, ఆటలో ఏ ఘట్టం నచ్చిందో ఎదుటివాడికి చెప్పు. గెలిచినప్పుడు అది ఇంకా అవసరం.

రంగుల సంగతి పొడిగా చెప్పేస్తాను, మిగతాది చేతులే నేర్చుకుంటాయి. ఒక పెట్టె చాలు, పాతిక ముప్పై పౌండ్లలో ముప్పై నలభై ప్లాస్టిక్ బొమ్మలు వస్తాయి. రంగుకు ముందు అడుగు పూతగా వేసే స్ప్రే ప్రైమర్ తేమగా ఉన్న రోజు కొట్టకు, పొడి పొడిగా గరుకు తేలుతుంది. రంగును నీళ్లతో పలచన చేసి రెండు పూతలుగా వెయ్యి, ఒకే మందపాటి పూత వేస్తే ముఖం కవళికలు పూడిపోతాయి. పాత సీసపు బొమ్మలు ముట్టుకున్నాక చేతులు కడుక్కో, బ్రష్షు నోట్లో పెట్టుకునే అలవాటు చేసుకోకు. నెలకు ఎంత ఖర్చు పెట్టాలో అమ్మాయితో ముందే మాట్లాడుకో. అమ్మాయి రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు నిద్ర పట్టకపోతే ఒక్క బొమ్మకు బెల్టులు, బూట్లు వేస్తూ కూర్చో. ఈ దేశంలో మాజీ సైనికులకు మోడల్ కిట్లు, రంగులు అందించడానికే మోడల్స్ ఫర్ హీరోస్ అనే సేవాసంస్థ ఒకటి పనిచేస్తోందంటే, ఈ పని మనసును ఎంత కుదుటపరుస్తుందో అర్థం చేసుకో.

పాత సంగతులు చెప్పుకోవడానికి తొందరపడకు. నా ఇంజనీరు మిత్రుడు 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధానికి వెళ్లి వచ్చాడు. నేను 1987లో శాంతిసేనతో శ్రీలంక వెళ్లాను. మేమిద్దరం ఆ రెండు యుద్ధాలనూ బల్ల మీద పెట్టం. పెట్టేవాళ్లను తప్పుపట్టం, ఆ సాయంత్రం వేరే బల్లకు వెళ్తాం. మేమిద్దరం ఆ నియమం గురించి ఎప్పుడూ చర్చించుకోలేదు, మొదటిసారే ఒకరికొకరం అర్థమయ్యాం. ఆ తర్వాత చాలా కాలానికి, చెరో బ్రష్షు పట్టుకుని గుర్రాల జీనులకు రంగు వేస్తుండగా, తల ఎత్తకుండానే అతను ఒక రాత్రి గురించి చెప్పాడు. నేను జాఫ్నా రోడ్డు మీది మందుపాతరల గురించి చెప్పాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పని మాటలవి. చూపు చేతిపని మీద ఉంటే మగవాళ్లు మాట్లాడగలరు. ఎదురెదురుగా కూర్చోబెట్టి చెప్పమంటే ఒక్క ముక్క బయటికి రాదు.

పదేళ్లు నిలిచే స్నేహం కావాలంటే వారం వారం ఆటతో పాటు ఒక పెద్ద పని నలుగురూ కలిసి తలకెత్తుకోవాలి. మా వాళ్లకు ఐరోపాలో జరిగిన ఏడేళ్ల యుద్ధమంటే ప్రాణం. ఆ యుద్ధంలో ఒక ముక్క మన గోదావరి అవతల జరిగిందని నేను చెప్పేదాకా వాళ్లు పట్టించుకోలేదు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో కల్నల్ ఫోర్డ్ నడిపిన ఇంగ్లీషు కంపెనీ దళం, విజయనగరం ఆనంద గజపతిరాజు సేన ఒకవైపు, కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి దళం మరోవైపు. ఏపుగా పెరిగిన చేను ఫోర్డ్ యూరోపియన్ పటాలాన్ని కప్పేసింది. ఎర్ర కోట్లు తొడుక్కున్న సిపాయిలే ఇంగ్లీషువాళ్లనుకుని ఫ్రెంచివాళ్లు వాళ్ల మీదికి మళ్లారు. అప్పుడు అసలు పటాలం చేను దాటి వచ్చి పక్కనుంచి కాల్చింది. యుద్ధం అక్కడ తిరిగింది. తర్వాతి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా ఫ్రెంచివాళ్ల చేతుల్లోంచి పోయింది.

ఆ చేను లేకుండా ఆ ఆట లేదు. కొబ్బరిపీచుతో చేసిన, కాళ్లు తుడుచుకునే పట్టా కొని, ముక్కలుగా కోసి, చివర్లకు ఆకుపచ్చ అద్ది చేను చేశాం. చెట్ల దగ్గర పెద్ద చర్చ జరిగింది. అంగట్లో దొరికేవన్నీ కొబ్బరిచెట్ల లాంటివి. ఆ పొలాల గట్ల మీద తాటిచెట్లు ఉండాలని నేను పట్టుబట్టాను. ఒక మిత్రుడు ఇనుప తీగ, కాగితం పట్టుకుని చలికాలమంతా తాటిచెట్లు చేశాడు. తాటిచెట్టును కళ్లతో చూడని మనిషి, నా మాట మీద మట్టలు కోశాడు. విజయనగరం సేన ఏ రంగులు కట్టిందో కచ్చితమైన ఆధారం మాకు దొరకలేదు, కాబట్టి బట్టలన్నీ ముతక తెలుపు, కోరారంగు, నీలి అద్దకాల్లో వేశాం. ఇప్పుడు ప్రతి చలికాలమూ ఆ యుద్ధం ఆడతాం. ఒక్కోసారి ఫ్రెంచివాళ్లు మోసపోరు. ఆనందరాజు పేరు మా క్లబ్బులో కుర్రాళ్లందరి నోటా తడబడకుండా పలుకుతుంది. నీకు ఆర్టిలరీ తెలుసు, నీ దగ్గర వాళ్లకు తెలియనిది చాలా ఉంది. అది సలహాగా కాక, కలిసి చేసే పనిగా తీసుకెళ్లు.

వాళ్లను ఇంటికి పిలువు. కారం కాస్త తగ్గించి భోజనం పెట్టు, వాళ్ల భార్యలనూ పిలువు. బల్ల దగ్గరి స్నేహం ఇల్లు దాకా రాకపోతే సగంలో ఆగిపోతుంది. ఇల్లు దాకా వచ్చిన స్నేహం ఎంత దూరం వెళ్తుందో చెబుతాను. రెండేళ్ల కిందట మాలో ఒక పెద్దాయన పోయారు. జీవితమంతా కూడబెట్టిన బొమ్మలు గదినిండా ఉన్నాయి, సగానికి పైగా రంగు వేయనివి. ఆయన భార్యకు వాటి విలువ తెలియదు. ఎవరో గంపగుత్తగా కొంటామని తక్కువ ధర చెబితే ఆమె మా మిత్రుడికి ఫోను చేసింది. మేం నలుగురం శనివారాలు ఆ ఇంట్లో కూర్చుని, పెట్టె పెట్టెనా విప్పి, జాబితా రాసి, ధరలు కట్టాం. ప్రదర్శనల్లో పాత బొమ్మలు అమ్మే బల్లలు ఉంటాయి, అక్కడ విడివిడిగా అమ్మి డబ్బంతా ఆమెకు ఇచ్చాం. ఆయన సగం రంగు వేసి వదిలేసిన రెజిమెంటు ఒకటి మాత్రం అమ్మలేదు. తలా ఒక వరుస పంచుకుని పూర్తి చేశాం. నువ్వు కూడా మొదటి పెట్టె నుంచే ఏది ఎక్కడ కొన్నావో, ఎంతకు కొన్నావో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టు. ఆ పుస్తకం ఎక్కడుందో అమ్మాయికి చెప్పు.

వచ్చే మంగళవారం మా క్లబ్బు రోజు. డెర్బీ నుంచి రైల్లో అరగంట. అయిదింటి లోపు దిగేలా రా, స్టేషనుకు నేనే వస్తాను. ఆనందరాజు ఆశ్వికదళానికి ఇంకో డజను గుర్రాలు కావాలి. వాటికి ప్రైమర్ వేసి ఆరబెట్టి ఉంచాను, అవి నీవి. పాత చొక్కా వేసుకో, ఈ రంగు అంటితే వదలదు. అమ్మాయికి ఆ రోజు సెలవైతే తననూ తీసుకురా. మీ అత్తయ్య గోంగూర పచ్చడి పట్టి ఆ పిల్ల కోసమే ఎదురుచూస్తోంది.

ఇట్లు,
మీ మామయ్య