ఆ కమ్మల సంగతి రాయి

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు పేరిట వందనాలు. నీ ఉత్తరం, దాంతో పాటు 'దేవుని మేలులు' అని పేరు పెట్టి పంపిన వ్యాసం అందాయి. "బాగుందా ఆంటీ, పత్రికకు పంపొచ్చా?" అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

మొదటి పేజీ అంతా శుక్రవారం ఉపవాస కూడికలో మనం వినే మాటలే. "కంటిపాపలా కాచి కాపాడి", "లెక్కింపలేని మేలులు", "సజీవుల లెక్కలో ఉంచినందుకు". కూడికలో ఎవరైనా లేచి అలా సాక్ష్యం చెబితే నాకేం అభ్యంతరం లేదు. అక్కడ మనిషి ఎదురుగా ఉంటుంది, గొంతు వణుకుతుంది, ఆమె పడ్డ కష్టం సగం సంఘానికి ముందే తెలుసు. అరిగిపోయిన మాటైనా మనసుకు తగులుతుంది. కాగితం మీద ఆ గొంతు ఉండదు కదా. నీ పేరు కొట్టేసి నా పేరు పెట్టినా ఆ పేజీలో ఒక్క అక్షరం మార్చే పని లేదు.

నాలుగో పేరాలో మాత్రం ఒక చోట ఆగిపోయాను. "నర్సింగ్ రెండో సంవత్సరం ఫీజుకు దేవుడు అద్భుతంగా మార్గం తెరిచాడు, మా పిన్ని కమ్మలు తాకట్టు పెట్టింది" అని రాశావు. అంతే, వెంటనే ఒక వచనం ఎత్తుకుని ప్రసంగంలోకి వెళ్లిపోయావు. అయ్యో, వ్యాసమంతా అక్కడే ఉందమ్మా! ఆ కమ్మలు పెళ్లినాటివా, మిరపకాయ కోతలకు వెళ్లి కూడబెట్టి చేయించుకున్నవా? తాకట్టు కొట్టుకు ఒక్కతే వెళ్లిందా? మీ బాబాయికి తెలుసా? ఆ ఆదివారం చర్చికి చెవులకు ఏం పెట్టుకుని వచ్చింది? కుట్లు పూడిపోకుండా చీపురుపుల్ల పెట్టుకుందా? వడ్డీ ఎవరు కడుతున్నారు? అసలు విడిపించారా లేదా?

దేవుడే చేయించాడని నువ్వు నమ్ముతావు, నేనూ నమ్ముతాను. కానీ మనలో ఒక అలవాటు ఉంది. మేలంతా దేవుడి ఖాతాలో రాసేసి, చేసిన మనిషిని చల్లగా పక్కకు తప్పిస్తాం. మనిషి పేరెత్తితే దేవుడి మహిమకు ఎక్కడ లోటొస్తుందోనని టెన్షన్. పౌలుకు ఆ టెన్షన్ లేదు. బైబిల్లో ఆయన రోమా సంఘానికి రాసిన ఉత్తరం, అదే రోమా పత్రిక, 16వ అధ్యాయం తియ్యి. పేర్ల జాబితా అని మనం గబగబా దాటేసే అధ్యాయం అది. ప్రిస్కిల్ల, అకుల తన ప్రాణం కోసం తమ ప్రాణాలకు తెగించారనీ, తానే కాదు యూదులు కాని వారి సంఘాలన్నీ వాళ్లకు కృతజ్ఞత కలిగి ఉన్నాయనీ రాశాడు. రూఫు తల్లి గురించి "ఆమె నాకును తల్లి" అన్నాడు. ఆమె ఎప్పుడు అన్నం పెట్టిందో, ఏ జబ్బులో పక్కన కూర్చుందో మనకు తెలియదు. అయినా ఆ మూడు మాటల్లో ఒక మనిషి కనబడుతుంది చూడు. యేసు బాగుచేసిన పది మందిలో ఒక్కడే తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పిన కుష్ఠరోగుల కథ మాత్రం ఈసారికి వదిలెయ్. కృతజ్ఞత అనగానే ప్రసంగీకులందరూ దాని దగ్గరికే పోతారు.

కృతజ్ఞత రాసేవాళ్లు కాలు జారే చోటు ఒకటుంది. లూకా 18లో పరిసయ్యుడి, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుడి, ప్రార్థనను గర్వానికి ఉదాహరణగా చెబుతాం. నిదానంగా చదువు, అది కృతజ్ఞతా ప్రార్థనే. ఇతర మనుషుల్లా, పక్కనున్న ఈ సుంకరిలా (పన్నులు వసూలు చేసేవాడిలా) తాను లేనందుకు స్తుతులు చెల్లిస్తున్నాడు. 2021లో కోవిడ్ తగ్గాక నాకు చదవమని ఇచ్చిన సాక్ష్యాల్లో ఈ వరస చాలానే చూశాను. "మా వీధిలో ఎందరో పోయారు, దేవుడు మా గడప దగ్గరికి రానివ్వలేదు." రాసినవాళ్లు మంచివాళ్లే, భయం తీరిన ఊపిరిలో రాశారు. కానీ ఆ వీధిలోనే భర్తను పోగొట్టుకున్నావిడ అది చదివితే? ఆమె ప్రార్థన చేయలేదనా? నీ వ్యాసంలోనూ అలాంటిది ఒకటుంది. హాస్టల్లో తోటి పిల్లలు ఫెయిలైతే దేవుడు నిన్ను పాస్ చేశాడట. అది తీసెయ్. పాసయ్యావు, సంతోషం, అంతవరకే రాయి.

మీ నాన్నగారు పోయిన సంగతి రాసిన పేరా చివర "దీనికి కూడా స్తోత్రం" అన్నావు. నిజంగా అనిపించిందా, లేక అలా ముగించాలి కాబట్టి ముగించావా? రెండోదైతే కొట్టెయ్. ప్రతి విషయంలోనూ కృతజ్ఞతాస్తుతులు చెల్లించమనే మొదటి థెస్సలొనీకయ 5:18 చూపించి ఎవరైనా నిన్ను నిలదీయొచ్చు. అది రాసిన పౌలే ఫిలిప్పీయులకు రాస్తూ, జబ్బుపడ్డ ఎపఫ్రొదితు బతకడం వల్ల తనకు "దుఃఖముమీద దుఃఖము" తప్పిందన్నాడు. స్నేహితుడు పోయినా స్తోత్రమే అనేవాడినని చెప్పుకోలేదు. 88వ కీర్తనైతే "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడితో ఆగిపోతుంది. దానికి స్తోత్రం తోక తగిలించాలని ఎవరికీ తోచలేదు.

మీ సంఘంలో కోత పండుగ వేలం ఇంకా జరుగుతోందా? సొరకాయలు, గుమ్మడికాయలు, ధాన్యం, కాళ్లు కట్టేసిన కోడిపుంజు. ఆరాధన అయ్యాక వేలంపాట మొదలైతే మార్కెట్లో ముప్ఫై రూపాయలు చేయని సొరకాయ వేలల్లోకి పోతుంది. పాడుకున్నాయన దాన్ని తిరిగి సంఘానికే ఇస్తే మళ్లీ పాట. పండుగ గురించి రాసేవాళ్లందరూ ఎంతకు పోయిందో, ఎవరు పాడుకున్నారో రాస్తారు. ఆ సొరకాయ తెచ్చినావిడ వెనక వరసలో ఉంటుంది, ఆమెను ఎవరూ రాయరు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారి సంఘాల్లో ఎక్కువమంది రెక్కాడితే గాని డొక్కాడని కూలీలే. ఇవ్వడం ఉన్నవాళ్ల పనిలే అని ఆయన వాళ్లను వదిలేయలేదు, వాళ్ల చేతా ఇప్పించారు. ద్వితీయోపదేశకాండం 26లో ప్రథమ ఫలాల (తొలి పంట) గంప తెచ్చినవాడు గంప దించి వెళ్లిపోవడానికి లేదు. పూర్వీకుడు ఎక్కడివాడో, ఐగుప్తులో (ఈజిప్టులో) ఏం బాధలు పడ్డారో కథంతా చెప్పాలి. తర్వాత ఆ ఊళ్లో ఉండే, మందిర సేవ చేసే లేవీయుడితో, పరదేశితో కలిసి సంతోషించాలి.

రోజూ ఏం చేయాలని కూడా అడిగావు. ఒక నోటుబుక్కు పెట్టుకో. పడుకునే ముందు ఒక మనిషి, ఆ మనిషి చేసిన ఒక పని, చాలు. "ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం" అని రాయకు. నైట్ డ్యూటీలో ఆయమ్మ నీ వాటా టీ చల్లారిపోకుండా మూత పెట్టి ఉంచితే అది రాయి. మన ఇళ్లలో నోటితో థాంక్స్ చెప్పే అలవాటు తక్కువ. అమ్మకు చెబితే "ఏంటే కొత్తగా?" అంటుంది. ఆ పూట అంట్లు తోమిపెట్టు, ఆమెకు అర్థమవుతుంది. "ఈ ఆహారం కొరకు స్తోత్రం, ఆమెన్" అని కళ్లు తెరుస్తూనే "పప్పులో ఉప్పేది?" అనే భక్తుల గురించి వేరే వ్యాసం రాయొచ్చు, కావాలంటే నేనే పేర్లు ఇస్తాను!

ఇక చివరి మాట. తిరగరాసే ముందు మీ పిన్ని దగ్గర కూర్చుని ఆమెను అడుగు. తాకట్టు సంగతి ఊళ్లో తెలియడం ఆమెకు ఇష్టం లేకపోవచ్చు, అత్తగారి తరఫువాళ్లకు అసలు చెప్పి ఉండకపోవచ్చు. వద్దంటే కమ్మల మాట తీసెయ్, వ్యాసం పలచబడినా సరే. సరేనంటే మొదటి పేజీ తీసేసి అక్కడి నుంచే మొదలుపెట్టు. కమ్మలు ఇంకా కొట్లోనే ఉంటే, ఉద్యోగంలో చేరావు కాబట్టి ముందు ఆ అప్పు సంగతి చూడు, వ్యాసం నెలాగినా ఫరవాలేదు. క్రిస్మస్ సంచికకు నవంబరు మొదట్లో అందితే చాలు.

అమ్మగారికి, పిన్నికి నా వందనాలు చెప్పు.

ప్రభువునందు,
మీ ఆంటీ