మియాపూర్ ఫ్లాట్ ఆవిడ పేర, లెస్టర్ ఇల్లు నా పేర: స్టాంప్ డ్యూటీ ఎంత కట్టాలి?

ప్రశ్న: మేమిద్దరం ఇంగ్లాండ్‌లోని లెస్టర్ వచ్చి రెండేళ్ళ ఎనిమిది నెలలైంది. అంతకుముందు హైదరాబాద్ మియాపూర్‌లో మా ఆవిడ పేర ఉన్న ఫ్లాట్లోనే కాపురం ఉండేవాళ్ళం. పెళ్ళప్పుడు మామగారు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన ఫ్లాట్ అది, ఇప్పుడు అద్దెకిచ్చాం. ఇక్కడ క్లారెండన్ పార్క్‌లో పాత టెర్రస్ ఇల్లు (పక్కిళ్ళతో గోడలు కలిపి వరుసగా కట్టినది) 2,85,000 పౌండ్లకు కుదిరింది. లోను, ఇల్లు నా ఒక్కడి పేరే. నా పేర ఎక్కడా ఇల్లు లేదు కాబట్టి మొదటిసారి కొనేవారి మినహాయింపు వస్తుందనుకున్నాను. తీరా సొలిసిటర్ (కొనుగోలు కాగితాలు చూసే లాయరు) ఫారంలో 'మీకు గానీ మీ భార్యకు గానీ ప్రపంచంలో ఎక్కడైనా ఇల్లు ఉందా' అని అడిగారు. ఇండియా సంగతి వీళ్ళకెలా తెలుస్తుంది, లేదని రాసెయ్యమంటున్నారు స్నేహితులు. మరో సంగతి: ఏడాదిన్నర కిందట మా నాన్నగారు పోయారు. తెనాలి దగ్గర ఊళ్ళో ఆయన కట్టిన ఇంటిని అమ్మ, అన్నయ్య, నేను ఇంకా పంచుకోలేదు. డిపాజిట్‌కు మామగారు కొంత సర్దుతానన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఉన్నది ఉన్నట్టు రాయండి. ఈ రోజు ఉన్న పరిస్థితిలో కొంటే మీరు కట్టాల్సిన స్టాంప్ డ్యూటీ 18,500 పౌండ్లు. మియాపూర్ ఫ్లాట్ సంగతి సమయానికి తేల్చుకుంటే అది 4,250 అవుతుంది. ఊళ్ళో ఇంటికి సంబంధించి ఒక కాగితం దొరికితే సున్నా కూడా కావచ్చు. తేడా అంతా తేదీల్లోనే ఉంది.

ముందు 18,500 ఎలా వచ్చిందో చూడండి. ఇంగ్లాండ్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి ఇల్లు కొనేవారికి మొదటి 1,25,000 పౌండ్ల మీద పన్ను లేదు. ఆ పైన 2,50,000 వరకు 2 శాతం, అక్కడి నుంచి 9,25,000 వరకు 5 శాతం. మీ ధర మీద ఇది 2,500, 1,750 కలిపి 4,250. రెండో ఇల్లు కొనేవారి మీద 2016లో 3 శాతం అదనపు పన్ను వేశారు, 2024 అక్టోబర్ 31 నుంచి దాన్ని 5 శాతం చేశారు. ఇది మొదటి పౌండు నుంచే మొత్తం ధర మీద పడుతుంది కాబట్టి మీకు మరో 14,250.

మొదటి ఇల్లు ఇండియాలో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా లెక్కలోకి వస్తుంది. పెళ్ళయి కలిసి ఉంటున్న దంపతులను ఈ అదనపు పన్ను విషయంలో విడదీసి చూడరు. కొనే కాగితం మీద మీ ఆవిడ పేరు లేకపోయినా, ఆమె కూడా కొంటున్నట్టే లెక్క కడతారు. మైనర్ పిల్లల పేర ఉన్న ఇల్లు కూడా తల్లిదండ్రులదిగానే చూస్తారు కనుక, పిల్లలుంటే ఫ్లాటును వాళ్ళ పేర మార్చేద్దామన్న ఆలోచన పెట్టుకోకండి. పుట్టింటివాళ్ళు ఇచ్చింది, మాకేం సంబంధం అన్న వాదన కూడా ఇక్కడ నిలవదు. రిజిస్ట్రేషన్ ఎవరి పేర ఉంది, వాళ్ళ పెళ్ళి ఎవరితో అయింది, ఈ రెండే చూస్తారు.

ఈ లెక్క తేలేది కంప్లీషన్ రోజున, అంటే మిగతా డబ్బు కట్టి తాళాలు తీసుకునే రోజున. ఆ రోజు ముగిసేసరికి మీ ఇద్దరి చేతిలో వేరే ఇల్లు లేకపోతే అదనపు పన్ను లేదు. అందుకు మీకు మూడు దారులున్నాయి.

మొదటిది, కంప్లీషన్‌కు ముందే ఫ్లాటు అమ్మేయడం. అమ్మడమంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సేల్ డీడ్ రిజిస్టర్ కావాలి. హైదరాబాద్‌లో చాలామంది అగ్రిమెంట్, జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ) రాసిచ్చి పని అయిపోయిందనుకుంటారు. వాటితో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. మీ ఆవిడ ఎన్నారై కాబట్టి కొనేవారు మామూలుగా ధరలోంచి పన్ను కింద కోసే 1 శాతం టీడీఎస్ చాలదు. దీర్ఘకాలిక మూలధన లాభం రేటు 12.5 శాతం, దాని మీద సెస్సు కలిపి కోయాలి. తక్కువ కోతకు ఆదాయపన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ ముందే తెచ్చుకోకపోతే ఆ కోత మొత్తం ధర మీద పడుతుంది. ఆ సర్టిఫికెట్‌కు వారాలు పడుతుంది. చాలా అమ్మకాలు ఇక్కడే ఇరుక్కుంటాయి.

రెండో దారి, ముందు 18,500 కట్టేసి ఇల్లు కొనడం, ఆ తర్వాత మూడేళ్ళలోపు ఫ్లాటు అమ్మి 14,250 వాపసు అడగడం. దీనికో షరతుంది: లెస్టర్ ఇల్లు కొన్న రోజుకు వెనక మూడేళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు ఆ ఫ్లాటు మీ ముఖ్య నివాసమై ఉండాలి. మీరు దాన్ని వదిలి రెండేళ్ళ ఎనిమిది నెలలు. అంటే ఈ హక్కు మీ చేతిలో ఉండేది ఇంకో నాలుగు నెలలే. ఆఫర్ ఒప్పుకున్న దగ్గర నుంచి కంప్లీషన్‌కు సాధారణంగా మూడు నాలుగు నెలలు పడుతుంది కాబట్టి, ఈ తేదీని ఇవాళే మీ సొలిసిటర్‌కు రాతపూర్వకంగా చెప్పండి. మధ్యలో ఇక్కడ అద్దెకున్నందువల్ల నష్టం లేదు. వాపసు దరఖాస్తు ఫ్లాటు అమ్మిన 12 నెలల్లో పెట్టుకోవాలి.

మూడోది, ఫ్లాటును మామగారికే దానపత్రం ద్వారా తిరిగి రాసిచ్చేయడం. చట్టం దీన్ని ఒప్పుకుంటుంది, త్వరగానూ అవుతుంది. కానీ నిజంగా ఇచ్చేయాలి. పత్రం ఆయన పేర, అద్దె మాత్రం మీ ఆవిడ ఖాతాలోకి అంటే ఇక్కడ బూటకం, అక్కడ బినామీ. ఇంట్లో మాటపట్టింపులు వచ్చే వ్యవహారం కూడా కాబట్టి, ఆయనకు ఇంకో కూతురో కొడుకో ఉంటే రేపు ఆ ఫ్లాటులో వాళ్ళకూ వాటా వస్తుందని ముందే మాట్లాడుకోండి. ఇండియా వెళ్ళలేకపోతే బర్మింగ్‌హామ్‌లోని భారత కాన్సులేట్‌లో పవరాఫ్ అటార్నీ అటెస్ట్ చేయించి పంపవచ్చు. అది ఇండియా చేరిన మూడు నెలల్లో అక్కడ స్టాంపు వేయించాలి. అందులో 'దానం చేయడానికి' అని ఫ్లాటు వివరాలతో సహా విడిగా రాయించండి. అమ్మే అధికారం ఇచ్చినంత మాత్రాన దానం చేసే అధికారం రాదు.

అమ్మినా దానమిచ్చినా బ్రిటన్‌లో మూలధన లాభం పన్ను ఒకటుంది, ఎందుకంటే ఇక్కడ నివసించేవారికి ప్రపంచంలో ఎక్కడి లాభమైనా లెక్కే. సొంత తండ్రికి దానమిచ్చినా మార్కెట్ ధరకు అమ్మినట్టే చూస్తారు. అయితే అంతకుముందు వరుసగా పదేళ్ళు ఇక్కడ నివాసి కానివారు, వచ్చిన మొదటి నాలుగు పన్ను సంవత్సరాల్లో విదేశీ ఆదాయం, లాభాల మీద పూర్తి మినహాయింపు కోరవచ్చు. 2025 ఏప్రిల్ 6 నుంచి ఇది అమల్లో ఉంది. కోరిన ఏడాది 12,570 పౌండ్ల పర్సనల్ అలవెన్స్ పోతుంది. మీ ఆవిడకు ఇక్కడ జీతం లేకపోతే పోయేదేమీ లేదు. మీరు దిగిన పన్ను సంవత్సరాన్నే మొదటిదిగా లెక్కపెడతారు కనుక ఈ గడువు కూడా దగ్గరపడుతోంది.

ఇక ఊళ్ళో ఇల్లు. మీ నాన్నగారి స్వార్జితమై, వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన పోయిన క్షణమే అమ్మకు, అన్నయ్యకు, మీకు తలా మూడో వంతు వచ్చేసింది. పంచుకోలేదు, పంచాయతీలో పేరు మారలేదు అంటే కుదరదు. అయినా అదనపు పన్ను విషయంలో భయం లేదు. వారసత్వంగా వచ్చిన వాటా సగానికి మించకపోతే, వచ్చిన మూడేళ్ళ వరకు దాన్ని లెక్కలోకి తీసుకోరు. ఆ తర్వాతైనా మీ వాటా విలువ 40,000 పౌండ్లలోపు ఉంటే పట్టించుకోరు.

కానీ మొదటిసారి కొనేవారి మినహాయింపు దగ్గర ఇదే వాటా అడ్డం వస్తుంది. ఆ మినహాయింపులో 3,00,000 పౌండ్ల వరకు పన్నే లేదు, మీ ఇల్లు దానిలోపే. అయితే జన్మలో ఎప్పుడూ, ఎక్కడా, వారసత్వంగా కూడా ఇంట్లో వాటా కలిగి ఉండనివారికే అది వర్తిస్తుంది. ఇప్పుడు అన్నయ్య పేర హక్కు విడుదల పత్రం రాసిచ్చినా పోయిన అర్హత తిరిగి రాదు. అందుకే అడుగుతున్నాను, నాన్నగారు ఇల్లు అమ్మకే చెందాలని వీలునామా ఏమైనా రాశారా? బీరువాలో, బ్యాంకు లాకర్లో, ఊళ్ళో దస్తావేజు లేఖరి దగ్గర వెతికించండి. అది నిజంగా ఉంటే మీకు ఆ ఇంట్లో వాటా రానే లేదు. మియాపూర్ ఫ్లాటు కంప్లీషన్‌కు ముందే చేతులు మారి, లెస్టర్ ఇల్లు మీ ఒక్కరి పేరే కొని, అందులోనే కాపురం పెడితే స్టాంప్ డ్యూటీ సున్నా. ఈ లెక్కలో మాత్రం మీ ఆవిడ పేరు చేరిస్తే మినహాయింపు పోతుంది, ఎందుకంటే ఆమెకు ఒకప్పుడు ఇల్లుంది. లేని వీలునామా ఇప్పుడు పుట్టిస్తే అది ఫోర్జరీ కేసు, విడిగా చెప్పక్కర్లేదు.

స్నేహితుల సలహా గురించి. స్టాంప్ డ్యూటీ రిటర్న్ కంప్లీషన్ అయిన 14 రోజుల్లో వేయాలి. వేసేది సొలిసిటరైనా అందులోని మాట మీది. తెలిసి దాస్తే, ఎగ్గొట్టిన పన్నుకు సమానంగా జరిమానా పడొచ్చు, పైగా వడ్డీ. 20 ఏళ్ళ వెనక్కి వెళ్ళి తిరగదోడే అధికారం బ్రిటన్ పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీకి ఉంది. ఇండియాలోని బ్యాంకు ఖాతాల వివరాలు రెండు ప్రభుత్వాల మధ్య ఏటా మారుతుంటాయి. నెలనెలా అద్దె పడే ఎన్నార్వో ఖాతా (ఎన్నారైలు ఇండియా ఆదాయం వేసుకునే ఖాతా) ఉంటే దాని వెనక ఇల్లుందని ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. మోర్ట్‌గేజ్ ఫారంలోనూ ఇదే అబద్ధం రాస్తే అది మోసం కేసు, వీసా మీద ఉన్నవారికి ఇంకా ప్రమాదం.

మామగారి డబ్బు ఏ రూపంలో వస్తుందో ఇప్పుడే తేల్చుకోండి. తిరిగి అడగను, ఇంట్లో హక్కు కోరను అని బ్యాంకు ఆయన చేత ఉత్తరం రాయించుకుంటుంది. అది చేబదులైతే ఆ ఉత్తరం అబద్ధమవుతుంది. నిజంగా అప్పే అయితే అప్పని చెప్పండి, బ్యాంకు ఒప్పుకోకపోతే ఇంకో బ్యాంకు చూసుకోండి. ఇండియా నివాసిగా ఆయన ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. రిటర్న్ వేస్తే అది సర్దుబాటవుతుంది గానీ పంపే రోజున చేతిలో ఉండాలి. ఆ డబ్బు ఆయనకెలా వచ్చిందో సొలిసిటర్ అడుగుతారు: పొలం అమ్మిన సొమ్మైతే ఆ దస్తావేజు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాస్‌పోర్టు నకలు. ఆ ధరలో కొంత నగదుగా వచ్చి ఉంటే ఆ భాగాన్ని ఇక్కడ ఎవరూ ముట్టుకోరు.

ఫ్లాటు సంగతి తేలేదాకా ఎక్స్ఛేంజ్ చేయకండి, అంటే సంతకాలైన ఒప్పందాలు అమ్మేవారితో మార్చుకోకండి. ఇక్కడ మన బయానా లాంటిది లేదు. ఎక్స్ఛేంజ్ వరకు ఎవరైనా అవతలివారికి ఏమీ కట్టకుండానే వెనక్కి తగ్గొచ్చు. ఎక్స్ఛేంజ్ రోజున సాధారణంగా 10 శాతం, మీకైతే 28,500 పౌండ్లు, కట్టి కట్టుబడతారు. హైదరాబాద్‌లో రిజిస్ట్రేషన్ స్లాట్ వాయిదా పడిందని ఇక్కడ కంప్లీషన్ ఆపలేరు. ఆపితే ఆ 28,500 పోయే ప్రమాదం ఉంది.

ఇంటి గురించి మీరు అడగలేదు గానీ, లెస్టర్ పాత టెర్రస్ అంటున్నారు కాబట్టి ఒక మాట. రెండిళ్ళ మధ్య పెరట్లోకి వెళ్ళే సందు ఉండి, దాని మీదుగా మేడ గది కట్టి ఉందేమో చూడండి. ఆ గది కింద నేల పక్కవారిదైతే దాన్ని ఫ్లయింగ్ ఫ్రీహోల్డ్ అంటారు. కింది భాగం మరమ్మతు చేయమని పక్కవారిని బలవంతపెట్టే హక్కు లేకపోతే, కొన్ని బ్యాంకులు లోను ఇవ్వడానికి వెనకాడతాయి. బ్యాంకు చేయించే వాల్యుయేషన్ మీ కోసం చేసింది కాదు, ఈ వయసు ఇంటికి సొంతంగా లెవెల్ 3 సర్వే, అంటే ఇంటి పటుత్వాన్ని వివరంగా పరీక్షించే సర్వే, చేయించుకోండి. అటక మీద గది వేసి ఉంటే అది నిర్మాణ నిబంధనల ప్రకారమే కట్టారని చెప్పే బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ అడగండి.

డబ్బు పంపేముందు సొలిసిటర్ ఆఫీసుకు, మీ దగ్గర మొదటి నుంచీ ఉన్న నంబరుకు, ఫోన్ చేసి ఖాతా నంబరు చదివించుకోండి. 'మా ఖాతా మారింది' అని కంప్లీషన్‌కు ముందురోజు ఈమెయిల్ వచ్చిందంటే, అది దొంగలు పంపిందే అనుకోండి.