పది రోజులుగా కదలని మచ్చ వైట్ స్పాట్ కాదు

ముందు ఆ కాపర్ (చేపలకి వాడే రాగి మందు) సీసా మూత బిగించి అటక మీద పెట్టేయండి. మిగతా మాటలు తర్వాత.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఛత్రపురంలో మీ ఇంట్లో మూడడుగుల ఉప్పునీటి ట్యాంకు ఉంది. అందులో రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక ఫాక్స్‌ఫేస్ (పసుపు రంగు చేప), ఒక క్లీనర్ రొయ్య. ఒక క్లౌన్‌కి రెక్క అంచున రెండు తెల్ల బుడిపెలు వచ్చి పది రోజులైంది, ఉన్నచోటే ఉన్నాయి. ఫాక్స్‌ఫేస్‌కేమో పొద్దున్న లైటు వేసేసరికి ఒంటినిండా గోధుమరంగు మరకలు, టిఫిన్ల వేళకి మాయం. రెండూ తిండి బాగానే తింటున్నాయి. దుకాణం ఆయన చేపని చూడకుండానే వైట్ స్పాట్ (తెల్ల చుక్కల రోగం) అని కాపర్ పొయ్యమన్నారు.

నేను బరంపురంలో ఉంటాను. ఈ పిచ్చి మొదలై పన్నెండేళ్లు దాటింది. సరిగ్గా ఇదే సలహా విని ఒకసారి నిండా మునిగాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా వీధిలో కరెంటు పోయింది. బ్యాటరీ ఎయిర్ పంపుతో ఎలాగో చేపల్ని నిలబెట్టుకున్నాం. రెండు వారాలకి మా క్లౌన్ రెక్క మీద నానిన సగ్గుబియ్యం గింజంత తెల్ల కాయ కనబడింది. ఇంకేముంది, టెన్షన్. సాయంత్రం దుకాణానికి పరిగెత్తడం, రాత్రి మెయిన్ ట్యాంకులోనే కాపర్ పొయ్యడం. తెల్లారి చూస్తే క్లీనర్ రొయ్య రాయి మీద వెల్లకిలా పడి ఉంది. నత్తలు అద్దం వదిలి ఇసుకలో రాలిపోయాయి. రొయ్యలు, నత్తలు, పగడాలు కాపర్‌ని తట్టుకోలేవు. రాళ్లు, ఇసుక దాన్ని కొంత పీల్చుకుంటాయి కాబట్టి తర్వాత ఎన్ని నీళ్లు మార్చినా పూర్తిగా వదలదు. ఇంత చేసినా ఆ కాయ ఇసుమంత తగ్గలేదు. ఆరు వారాల తర్వాత దానంతటదే రాలిపోయింది.

అది లింఫోసిస్టిస్. వైరస్ వల్ల చర్మంలోని కణాలు కంటికి కనిపించేంతగా ఉబ్బిపోతాయి. దగ్గర నుంచి చూస్తే నున్నగా ఉండదు, కాలీఫ్లవర్ పువ్వు ముక్కలా గరుకుగా, ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు ఉంటుంది. ఎక్కువగా రెక్కల అంచుల్లో, ఒక్కోసారి మూతి దగ్గర వస్తుంది. దీనికి మందు లేదు. గోకకండి, కత్తిరించకండి. మంచి తిండి, మంచి నీళ్లు, చేపకి కాస్త ప్రశాంతత ఉంటే వారాల్లో పోతుంది, కొన్నిసార్లు నెలలు పడుతుంది. మీ క్లౌన్‌ది ఇదేనని నా నమ్మకం.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, అసలు వైట్ స్పాట్ నడక వేరు. ఉప్పునీటి వైట్ స్పాట్‌కి కారణం క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. అది చేప ఒంటి మీద మూడు నుంచి ఏడు రోజులే ఉంటుంది. తర్వాత రాలిపోయి ఇసుకకో రాయికో అంటుకుని, గుల్ల కట్టుకుని లోపల ముక్కలు ముక్కలుగా విభజన చెందుతుంది. కొన్నాళ్లకి అది పగిలి, వందల పిల్లలు ఈదుకుంటూ మళ్లీ చేప కోసం వెతుకుతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. కాబట్టి వైట్ స్పాట్ అయితే చుక్కలు ఈ రోజు ఇక్కడ, వారానికి ఇంకోచోట, ఈసారి ఇంకా ఎక్కువగా కనబడతాయి. మధ్యలో ఒంటి మీద ఏమీ లేని రోజులు కూడా వస్తాయి. అప్పుడే మనం మందు పనిచేసిందని సంబరపడిపోతాం. చూడ్డానికి బొంబాయి రవ్వ జల్లినట్టు, గింజ గింజగా విడివిడిగా ఉంటుంది. పది రోజులుగా ఒకేచోట కూర్చున్న బుడిపెకి, దీనికి పొంతనే లేదు.

ఇక ఫాక్స్‌ఫేస్. అది దాని నైట్‌డ్రెస్సండీ! చీకటి పడితే, బెదిరితే ఆ చేప పసుపు రంగు తగ్గించుకుని మచ్చల మచ్చలుగా మారిపోతుంది. నిద్రలో శత్రువుల కంట పడకుండా అదొక ఏర్పాటు. మొదటిసారి చూసినప్పుడు నేనూ మా ఆవిడని నిద్రలేపాను. లైటు వేశాక అరగంటో గంటో ఆగి చూడండి, రంగు తిరిగి వస్తే రోగం కాదు. పగలంతా కూడా అలాగే ఉంటే మాత్రం దాన్ని ఏదో భయపెడుతోంది. ఇంకో మాట, వలతో పట్టాల్సి వస్తే చెయ్యి జాగ్రత్త. దాని వెన్ను ముళ్లలో విషం ఉంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఆగి చూడమన్నాను కదా అని అన్నిటికీ ఆగితే అదీ కొంప ముంచుతుంది. అలా కూడా పోగొట్టుకున్నాను. చెన్నై నుంచి తెప్పించిన బ్లూ టాంగ్ చేప ఒంటి మీద సన్నటి దుమ్ములాంటిది కనబడింది. చిన్న వైట్ స్పాట్ అయ్యుంటుందిలే, ఆదివారం చూద్దాం అనుకున్నా. గురువారం పంపు ముందు నిలబడి ప్రవాహానికి ఎదురీదుతోంది, మొప్పలు దడదడలాడుతున్నాయి. శనివారానికి లేదు. అది వెల్వెట్ రోగం, అంటే అమిలూడినియం అనే ఇంకో పరాన్నజీవి పని. అది ముందు పట్టేది మొప్పల్నే. అందుకే చర్మం మీద కనబడేలోపే ఊపిరి అందక చేప సగం అయిపోయి ఉంటుంది. గది చీకటి చేసి టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేస్తే ఒంటి మీద పసుపు పొడి చల్లినట్టు సన్నగా మెరుస్తుంది. ట్యూబ్‌లైటు కింద ఎదురుగా నిలబడి చూస్తే అస్సలు దొరకదు.

అందుకే నేనిప్పుడు మచ్చ కంటే ముందు ఊపిరి చూస్తాను. చేపలన్నీ కులాసాగా ఉన్నప్పుడే ఒక నిమిషంలో మొప్ప ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టి, ఒక్కో చేపది ట్యాంకు పక్కన క్యాలెండర్ మీద రాసి పెట్టుకున్నా. అనుమానం వచ్చిన రోజు మళ్లీ లెక్కపెడతా. అంకె బాగా పెరిగి, తిండి కూడా మానేస్తే ఇక ఆదివారం దాకా ఆగేది లేదు, ఆ రోజే చేపని వేరే టబ్బులోకి మారుస్తా. కాపర్ వాడేది ఆ టబ్బులోనే. అదీ టెస్ట్ కిట్‌తో కొలుచుకుంటూ, సీసా మీద రాసిన మోతాదు ప్రకారం. ఒక్కో రకం కాపర్‌కి మోతాదు వేరు, కంటి కొలతతో పోస్తే చేప పోతుంది. వైట్ స్పాటే అని తేలితే చేపలన్నిటినీ టబ్బులోకి తీసేసి, మెయిన్ ట్యాంకుని రెండున్నర నెలలు చేప లేకుండా ఖాళీగా వదలాలి. మంచినీటి చేపలకి చేసినట్టు హీటర్ పెంచేస్తే పోతుందని కొందరు చెబుతారు, వినకండి. ఆ పురుగు వేరు, ఈ పురుగు వేరు.

గోపాల్‌పూర్ నుంచి డబ్బాలతో సముద్రపు నీళ్లు తెస్తానని కూడా రాశారు. నేనూ తెచ్చేవాణ్ణి, ఉచితం కదా. వానలు పడ్డాక ఒకసారి తెచ్చి రిఫ్రాక్టోమీటర్‌తో (నీళ్లలో ఉప్పు కొలిచే పరికరం) చూస్తే సాంద్రత 1.018 చూపించింది, ట్యాంకులో ఉన్నదేమో 1.025. కొలవకుండా అలాంటి నీళ్లు సగం మార్చేస్తే చేపకి అదే పెద్ద దెబ్బ. లింఫోసిస్టిస్ ఎక్కువగా అలా ఒత్తిడికి గురైన చేపల్లోనే బయటపడుతుంది. ఈ మధ్య నీళ్లు మార్చారా? బుడిపెలు ఆ తర్వాతే వచ్చాయా? నేనైతే వానాకాలం అంతా ఆర్వో నీళ్లలో ఉప్పునీటి ట్యాంకుల కోసం అమ్మే ప్యాకెట్ ఉప్పు కలిపే వాడుతున్నా. ఖర్చే, కానీ లెక్క తెలుస్తుంది.

ఈ రాత్రి టార్చి పరీక్ష ఒక్కటి చెయ్యండి. రేపు క్లౌన్ మొప్పలు లెక్కపెట్టి ఆ అంకె రాయండి. బుడిపె ఫోటో పక్క నుంచి, ఫ్లాష్ లేకుండా తీసి పెట్టండి. అద్దానికి ఫోన్ ఆనించి తీస్తే గరుకు ఉందో లేదో తెలిసిపోతుంది.