టీ తోటల రైలు కింద నుంచే ఎక్కండి

వేసవిలో అమ్మానాన్నల్ని తీసుకుని అమలాపురం నుంచి ఊటీ వెళ్తున్నామని, టీ తోటల మధ్య నడిచే కొండ రైలు కొండ కింద ఉన్న మెట్టుపాళయం నుంచే ఎక్కాలా, దారి మధ్యలో కొండ మీదున్న కూనూరు నుంచి ఎక్కితే సరిపోతుందా అని అడిగారు. పెద్దవాళ్లు అయిదు గంటలు కూర్చోలేరేమోనని మీ భయం. నేను రెండు రకాలుగానూ వెళ్లొచ్చానండి, రెండుసార్లూ మా అమ్మానాన్నలతోనే. సీట్లు దొరికితే కింద నుంచే ఎక్కండి.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మొదటిసారి ఒక ట్రావెల్స్ అతనితో ప్యాకేజీ మాట్లాడుకున్నాం. "టాయ్ ట్రైన్ మొత్తం ఉంటుందండి" అన్నాడు. తీరా వెళ్లాక ఘాట్ రోడ్డులో వ్యాన్ ఎక్కించి, కూనూరులో రైలెక్కించాడు. టికెట్లు అప్పటిదాకా మా చేతికి ఇవ్వలేదు. ఆ మలుపుల్లో అమ్మకి మూడుసార్లు వాంతులయ్యాయి. కూనూరు స్టేషన్‌కి చేరేసరికి మనిషి వాడిపోయింది. కిటికీ పక్క సీటు ఇచ్చినా కళ్లు తెరవలేదు, తోటలన్నీ అలాగే దాటిపోయాయి. ఆ బాధ నాకు చాలాకాలం ఉండిపోయింది. మీరు ఎవరి ద్వారా వెళ్లినా, ఎక్కే స్టేషన్ మెట్టుపాళయం అని టికెట్ మీద ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి.

రెండోసారి నేనే బుక్ చేశాను. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యి, కాలవలకి నీళ్లు ఆపేశాక అయితే నాన్నకి పొలం టెన్షన్ ఉండదని అప్పుడు పెట్టుకున్నాం. రిజర్వేషన్ రెండు నెలల ముందు తెరుస్తారు. ఉన్నవే కొద్ది సీట్లు, కాబట్టి తెరిచిన రోజు పొద్దున్నే కూర్చుని చేసుకోవాలి. భీమవరంలో చెన్నై రైలెక్కి, పగలు చెన్నైలో చుట్టాలింట్లో ఆగి, రాత్రి సెంట్రల్‌లో నీలగిరి ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే తెల్లారేసరికి మెట్టుపాళయంలో దిగాం. కొండ రైలు ఏడు దాటాక బయల్దేరుతుంది, మధ్యాహ్నానికి ఊటీ చేరుతుంది.

మొదట కల్లార్ దాకా నేల చదునే. పట్టాల పక్కన వక్క తోటలు చూసి అమ్మ "మన కోనసీమలో ఉన్నట్టే ఉందిరా" అంది. అసలు సంగతి కల్లార్ దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి కూనూరు దాకా రెండు పట్టాల మధ్యలో రంపానికి ఉన్నట్టు పళ్లున్న ఇనప పట్టీలుంటాయి. ఇంజిను కింద ఉండే పళ్లచక్రం ఆ పళ్లని పట్టుకుంటూ ఎక్కుతుంది. బండి ఆగినప్పుడు నాన్న వంగి ఆ పట్టీల్ని చాలాసేపు చూశారు. అవి పక్కపక్కనే రెండు, గ్రీజుతో నల్లగా ఉన్నాయి. ఒకదాని పళ్లు ఇంకోదాని సందులకి ఎదురుగా వచ్చేలా బిగించారు. ఒక పన్ను వదిలే లోపు ఇంకోటి పట్టు దొరకబుచ్చుకుంటుంది. "ఒరేయ్, ఇది దింపు తీసేవాడు కొబ్బరిచెట్టు ఎక్కినట్టు ఎక్కుతోందిరా. చేతులు పట్టుకున్నప్పుడు కాళ్లు జరుపుతాడు, కాళ్లు పట్టుకున్నప్పుడు చేతులు జరుపుతాడు" అన్నారు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఎక్కేటప్పుడు ఆవిరి ఇంజిను వెనక ఉండి తోస్తుంది. అందుకని ముందు పెట్టెలో చోటు దొరికితే దారి కళ్లెదురుగానే ఉంటుంది. బాగా నిటారుగా ఉన్నచోట పన్నెండు అడుగులు ముందుకి వెళ్తే ఒక అడుగు పైకి లేస్తుంది. కాలవలో నీరు పారేంత వాలు తప్ప ఎరగని నేల మనది. ఆ లెక్క విన్నాక నాన్న సీట్లో నిటారుగా కూర్చుని మరీ చూడటం మొదలుపెట్టారు. పళ్ల పట్టీ మీద బండి గంటకి 13 కిలోమీటర్లు మించదు. అమ్మకి ఒక్కసారి కూడా కడుపులో తిప్పలేదు. దారి మొత్తం మీద 208 మలుపులున్నా సరే! కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో వేసిన దారి ఇది. 2005లో యునెస్కో దీన్ని వారసత్వ సంపదగా గుర్తించింది.

ఒకటి ముందే చెప్పాలి. ఈ దిగువ భాగమంతా అడవి, లోయలు, సొరంగాలు. టీ తోటలు బాగా కనిపించేది కూనూరు దాటాక, వెల్లింగ్టన్, కేటీ వైపు. కానీ కింద నుంచి ఎక్కినవాళ్లకి ఆ పచ్చదనం ఎంత ఎత్తున ఉందో ఒంటికే తెలుస్తుంది. చెమట పట్టిన చొక్కాతో ఎక్కాను, కూనూరులో స్వెట్టర్ వేసుకోవాల్సొచ్చింది. మెట్టుపాళయం 326 మీటర్ల ఎత్తులో ఉంటే ఊటీ స్టేషన్ 2,203 మీటర్ల మీద ఉంది మరి.

తోటలు కనిపించాక నాన్న రైతయిపోయారు. ఇంత వాలులో మొక్క ఎలా బతుకుతుందని అడిగారు. వరికి నీళ్లు నిలవాలి, తేయాకుకి వాన బాగా పడాలి గానీ వేళ్ల దగ్గర నీళ్లు నిలవకూడదు. వదిలేస్తే చెట్టయ్యే మొక్కని నడుము ఎత్తున కత్తిరిస్తూ ఉంచుతారు. చిగురు చివర రెండాకులు, ఒక మొగ్గ మాత్రమే కోస్తారు. మర్నాడు కూనూరులో టీ ఫ్యాక్టరీకి కూడా వెళ్లాం. నాలుగు కేజీలకి పైగా పచ్చాకు పోస్తే కేజీ పొడి వస్తుందని విని, నాన్న గుప్పెడు పొడి అరచేతిలో పోసుకుని వాసన చూస్తూ నిలబడిపోయారు. మీ నాన్నగారికి వ్యవసాయం ఉంటే ఆ ఫ్యాక్టరీ మానుకోకండి.

ఇక మీ భయం సంగతి. పెట్టెల్లో బాత్రూం ఉండదు. మధ్యలో హిల్‌గ్రోవ్‌లో బండి ఆగుతుంది, కూనూరులో ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది. రెండుచోట్లా పెద్దవాళ్లని దింపండి. హిల్‌గ్రోవ్‌లో కోతులుంటాయి, చేతిలో తినేది పెట్టుకోకండి. సీట్లు ఇరుకు, ఎదుటివాళ్ల మోకాళ్లు తగులుతుంటాయి. మోకాళ్ల నొప్పులుంటే చివరి సీటు ఇప్పించండి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నీలగిరి జిల్లాలో నిషేధం, స్టీలు సీసా పట్టుకెళ్లండి. దసరా సెలవులకి మార్చుకుందాం అనుకుంటే మాత్రం వద్దు. ఆ తర్వాతి వానలకి కొండచరియలు పట్టాల మీద పడి రోజుల తరబడి బండి ఆపేస్తుంటారు.

సీట్లు దొరక్కపోతే ప్రయాణం మానుకోవద్దు. కూనూరు, ఊటీ మధ్య రోజూ ఇంకొన్ని బళ్లు తిరుగుతాయి. అయితే ఘాట్ ఎక్కిన రోజే రైలెక్కించకండి. ఆ రాత్రి కూనూరులో పడుకోబెట్టి, పొద్దున బండికి తీసుకెళ్లండి. మా అమ్మకి మొదటిసారి నేను అలా చేసుంటే బాగుండేది.