క్లోరైడ్ గాఢత నుంచి ఉప్పు బరువు: ముందు బస్తా మీద రాసింది చదవండి

మీరడిగింది: అర లీటరు కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో క్లోరైడ్ అయాన్ల గాఢత 0.2 మోలార్ (అంటే లీటరుకు 0.2 మోల్) ఉంటే, కలిపిన ఉప్పు ఎన్ని గ్రాములు? అర లీటరులో క్లోరైడ్ 0.1 మోల్. ఒక మోల్ ఉప్పు కరిగితే రెండు మోల్‌ల క్లోరైడ్ వస్తుంది కాబట్టి ఉప్పు 0.05 మోల్. కాల్షియం క్లోరైడ్ అణుభారం 111తో గుణిస్తే 5.55 గ్రాములు. సగం చెయ్యడం మరిచిపోయి 11.1 రాసేవాళ్లే ఎక్కువ.

నన్నడిగితే అసలు చిక్కు అక్కడ కాదు, ఉప్పులో దాగి ఉండే నీటి దగ్గర.

భీమవరం దగ్గర మా బాబాయికి ఎకరం రొయ్యల చెరువు ఉండేది. నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతున్నాను. ఒకరోజు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తితే రొయ్యలు వంకర తిరిగి, తోక దగ్గర తెల్లబడి ఉన్నాయి. నీళ్లు పరీక్ష చేయిస్తే మెగ్నీషియం తక్కువుంది, లీటరుకు ఇంకో 20 మిల్లీగ్రాములు పెంచమన్నారు. లెక్క నేనే వేశాను. మీటరు లోతున ఎకరానికి సుమారు 40 లక్షల లీటర్లు, అంటే 80 కిలోల మెగ్నీషియం కావాలి. మెగ్నీషియం క్లోరైడ్ అణుభారం 95, అందులో మెగ్నీషియం 24. దాదాపు 320 కిలోలు చాలన్నాను. పాతిక కిలోల బస్తాలు 13 తెచ్చి చెరువంతా చల్లాం.

మూడో రోజు మళ్లీ పరీక్ష చేయిస్తే పెరిగింది పది కూడా లేదు. బాబాయి కోప్పడలేదు. "లెక్క ఇంకోసారి చూడరా అబ్బాయ్" అన్నాడంతే. ఆ మాటకే నాకు టెన్షన్ పట్టుకుంది. రాత్రి ఏరియేటర్ల హోరులో గట్టు మీద కూర్చుని కాగితాలు నింపాను, తప్పు దొరకలేదు. తెల్లారాక ఖాళీ బస్తా తిరగేస్తే చిన్న అక్షరాల్లో 'హెక్సాహైడ్రేట్' అని ఉంది. ఆరు నీటి అణువులతో కలిపి దాని అణుభారం 203. కిలోకి మెగ్నీషియం 120 గ్రాములే! 13 కాదు, 27 బస్తాలు పడాలి.

పొటాష్ బస్తాలదీ ఇదే గొడవ. 60 శాతం అని రాసి ఉంటుంది, అది పొటాషియం ఆక్సైడ్ లెక్క. అసలు పొటాషియం 50 శాతమే. చెరువులో పనిచేసేది అయాన్ అయినప్పుడు, ఆ అయాన్ ఎంతుందో పెద్ద అక్షరాల్లో రాస్తే ఏం పోతుంది? ఇంటర్ నోట్సుల్లో కూడా ఉప్పు స్ఫటికంలో ఉండే ఈ నీటిని, అంటే స్ఫటిక జలాన్ని, ఒక్క లైనులో దాటేస్తారు.

మీ ప్రశ్నలో నీటి మాట లేదు కాబట్టి 5.55 రాయండి. ప్రాక్టికల్స్‌లో ఇదే ద్రావణం చెయ్యాల్సి వస్తే సీసా మీద చూడండి. డైహైడ్రేట్ (రెండు నీటి అణువులతో, అణుభారం 147) అని ఉంటే 7.35 గ్రాములు తూచాలి.