రంగు చూసి మోసపోకండి, నిమ్మకాయ తెచ్చుకోండి

వాకిట్లో పరచడానికి తెచ్చిన పసుపు బండలు తాండూరువా, ఇసుకరాయా అని కదా మీ సందేహం. రంగు చూసి చెప్పలేమండీ. మన హైదరాబాద్ గుట్టలు గ్రానైట్. ఈ రెండూ బయటి నుంచి లారీలో రావాల్సినవే.

ఒక మూల గీకి, ఆ పొడి మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. బుడగలొస్తే సున్నపురాయి, తాండూరు ఆ జాతే. ఇసుకరాయి మామూలుగా కిమ్మనదు. కాకపోతే రేణువుల్ని అతికించింది సున్నమైతే అదీ కాస్త పొంగుతుంది. అప్పుడు వేలితో రుద్దండి, ఇసుకరాయి గరగరలాడుతుంది.

తాండూరని తేలితే మాత్రం బాత్రూం యాసిడ్ దగ్గరికి రానివ్వకండి. మలక్‌పేటలో మా వరండా ఒక్కసారి కడిగించాం, మెరుపంతా పోయింది. ఇసుకరాయైతే నీళ్ళు పీలుస్తుంది, సీలర్ వేయించండి.